జాబితాలో మా అత్తగారి పేరు కనిపించడం లేదు, పోలింగు రేపే. దయచేసి దారి చెప్పగలరు

స్వర్ణముఖి ఒడ్డు (2024 మే 12, సాయంత్రం 5.40)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం భోజనం ముగించి ఫోను చేతిలోకి తీసుకున్నదాన్ని, నాలుగు గంటలుగా ఇదే పని మీద ఉన్నాను. మా అత్తగారికి 79 సంవత్సరాలు. ఆమె వద్ద ఓటరు గుర్తింపు కార్డు ఉన్నది. దానితోనే ఆమె ఇన్నేళ్ళుగా తిరుపతిలో ప్రతి ఎన్నికకూ ఓటు వేస్తూ వచ్చారు. ఇప్పుడు ఎన్నికల సంఘం వారి వెబ్‌సైటులో ఆ కార్డు సంఖ్యను ఎన్నిసార్లు ఇచ్చినా వివరాలు లేవనే వస్తున్నది. పేరు, భర్త పేరు, వయస్సు ఇచ్చి తిరుపతి నియోజకవర్గంలో వెతికినా అదే జవాబు. పేరును నాలుగు రకాల స్పెల్లింగులతో మార్చి చూశాను. ప్రతిసారీ అడిగే ఆ వంకర అక్షరాలను సరిగానే టైపు చేసినా తప్పంటుంది, కాసేపటికి పేజీయే తెరుచుకోవడం మానేస్తుంది. ఓటర్ల సహాయ నంబరు 1950కి ఫోను చేస్తే లైను కలవడం లేదు.

మావారికీ నాకూ ఓటు బెంగళూరులో ఉన్నందువల్ల ఏప్రిల్ 26ననే వేసేశాము. అత్తగారిని తీసుకువెళ్ళడానికే నేను ఒక్కదాన్ని కిక్కిరిసిన బస్సులో ఇక్కడికి వచ్చాను. ఆమె రేపు ఉదయం కట్టుకోవలసిన చీర కూడా తీసి మంచం మీద పెట్టుకున్నారు. పేరు లేదని ఆమెకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి.

రాములోరి వీధి (5.52)

కార్డు సంఖ్య ఎలా మొదలవుతుంది? ఇల్లు ఎక్కడ?

అలిపిరి మెట్లు (6.05)

అక్కా, దీనికి ఇంత బాధ పడవలసిన అవసరం లేదు. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ కార్డు చూపించి, సెక్షన్ 49ఏ ప్రకారం ఛాలెంజ్ ఓటు కావాలని అడిగితే తప్పనిసరిగా ఇవ్వవలసిందే. మన ఓటును ఇంకొకరు వేసేసి ఉంటే టెండర్ ఓటు అడగాలి. ఒక బూత్‌లో టెండర్ ఓట్లు 14 శాతం దాటితే అక్కడ మళ్ళీ పోలింగు పెడతారు. ఈ సమాచారం మా వాట్సాప్ గ్రూపులో ఈ ఉదయమే వచ్చింది. మీరు ధైర్యంగా వెళ్ళండి.

పాత అయ్యవారు (6.31)

పై సందేశాన్ని దయచేసి ఎవరూ నమ్మవద్దు, ఇంకొకరికి పంపవద్దు. 2019 ఎన్నికల సమయంలోనూ ఇదే తిరిగింది. అది అబద్ధమని అప్పుడే తేల్చి చెప్పారు. నేను ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో అనేకసార్లు ఎన్నికల విధులకు వెళ్ళినవాడిని, ప్రిసైడింగ్ అధికారిగా, అంటే పోలింగు కేంద్రం బాధ్యుడిగా కూడా కూర్చున్నవాడిని కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఛాలెంజ్ అన్నది ఓటరు అడిగి పుచ్చుకునేది కాదు, ఓటరు మీద ఇతరులు చేసేది. లోపల కూర్చున్న అభ్యర్థి ఏజెంటు, 'ఈ వచ్చిన మనిషి ఆ పేరు గల మనిషి కాదు' అని అభ్యంతరం చెప్పదలచుకుంటే రెండు రూపాయలు కట్టి చెప్పాలి. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి, అభ్యంతరం నిలబడకపోతే ఓటు వేయనిస్తారు, నిలబడితే ఆ మనిషిని పోలీసులకు అప్పగిస్తారు. ఇది 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలో 49జె. ఇక టెండర్ ఓటు 49పి. మన పేరు మీద ఎవరో ముందే ఓటు వేసి వెళ్ళిపోయినప్పుడు, మన గుర్తింపును నిరూపించుకుంటే, యంత్రం మీద కాకుండా కాగితపు బ్యాలెట్ ఇస్తారు. దానిని విడిగా కవరులో పెట్టి సీలు వేస్తారు. మామూలు లెక్కింపులో దానిని లెక్కపెట్టరు, వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్ళినప్పుడే దానికి విలువ. 14 శాతం అన్న మాట ఏ నియమంలోనూ లేదు.

ఈ రెండింటికీ ముందు జాబితాలో పేరు ఉండి తీరాలి. పేరు లేని మనిషికి చేతిలో ఎన్ని కార్డులున్నా ఓటు లేదు. కార్డు గుర్తింపు కోసం, హక్కు జాబితాలో ఉంటుంది.

అలిపిరి మెట్లు (6.44)

అయ్యవారూ, మీ అనుభవానికి నమస్కారం. కానీ సెక్షన్ అని అంత స్పష్టంగా నంబరుతో సహా రాసి ఉన్నప్పుడు అది పూర్తిగా అబద్ధం ఎలా అవుతుంది? మా పక్క బూత్‌లో ఒకాయన పోయినసారి ఛాలెంజ్ ఓటు వేశానని స్వయంగా చెప్పాడు.

పాత అయ్యవారు (6.58)

నాయనా, ఆయన వేసినది టెండర్ ఓటు అయి ఉంటుంది, పేరు తప్పుగా చెప్పి ఉంటారు. సెక్షన్లు చట్టంలో ఉంటాయి, మనం మాట్లాడుకుంటున్నవి నియమాలు. ఇంకొక మాట. ఓటు వేసే గదిని బూత్ అనడం వాడుకలో ఉన్నా, అధికారిక పరిభాషలో అది పోలింగు కేంద్రం. బూత్ అంటే కేంద్రానికి రెండు వందల మీటర్ల అవతల అభ్యర్థుల తరఫువారు ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని కూర్చునే చోటు.

అలిపిరి మెట్లు (7.03)

మా ఊరిలో అందరూ బూత్ అనే అంటారు. బూత్ స్థాయి అధికారి అని ప్రభుత్వమే పేరు పెట్టినప్పుడు మనం అంటే తప్పేమిటి?

మామిడి తోట (7.15)

చిత్తూరు నుంచి రాస్తున్నాను. 79 సంవత్సరాల పెద్దమ్మను ఎండలో తీసుకువెళ్ళడం ఎందుకు? ఇంటి నుంచే ఓటు వేసే సదుపాయం ఉన్నది కదా. మా పెద్దనాన్నకు అధికారులు ఇంటికే వచ్చి, అట్టతో మరుగు ఏర్పాటు చేసి, వీడియో తీస్తూ ఓటు వేయించారు. చాలా మర్యాదగా చేశారు. మన దేశంలో వృద్ధులకు ఇటువంటి గౌరవం ఇంకా అనేక విషయాలలో దక్కవలసి ఉన్నది. బ్యాంకులలోనూ బస్సులలోనూ వారిని నిలబెట్టే తీరు చూస్తే సిగ్గు వేస్తుంది.

పాత అయ్యవారు (7.24)

ఆ సదుపాయం ఈసారి 85 ఏళ్ళు దాటినవారికి, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి మాత్రమే. 80 ఏళ్ళ పరిమితిని ఈ మార్చిలోనే 85కు పెంచారు. పైగా ప్రకటన వెలువడిన ఐదు రోజులలోగా ఫారం 12డి ఇచ్చి ఉండాలి. మనకు ప్రకటన వచ్చినది ఏప్రిల్ 18న. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

స్వర్ణముఖి ఒడ్డు (7.40)

మీరందరూ శ్రమ తీసుకుని రాస్తున్నందుకు కృతజ్ఞురాలిని. కానీ బూత్ అనాలా కేంద్రం అనాలా అన్నది నాకు ఇప్పుడు అవసరం లేదు. పేరు ఉన్నదా లేదా అన్నది తెలిస్తే చాలు. కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చునేమో అదైనా చెప్పండి. మా మరిది ఉంటే ఈ పని ఐదు నిమిషాలలో అయిపోయేది. ఆయన ఎన్నికల విధికి ఉదయమే వెళ్ళారు, యంత్రాలు తీసుకుని ఏ ఊరికి చేరారో, ఫోను అందడం లేదు. ఇల్లు మారిన తరువాత అన్నీ ఆయనే సరిచేయించానని అన్నారు, అందుకే నేను నిశ్చింతగా వచ్చాను.

రాములోరి వీధి (7.42)

ఇల్లు మారారా? ఎక్కడి నుంచి ఎక్కడికి? రెండు గంటల కిందటే అడిగాను.

స్వర్ణముఖి ఒడ్డు (7.55)

క్షమించండి, మీ ప్రశ్న పైకి వెళ్ళిపోయింది. మొదట గోవిందరాజస్వామి గుడి దగ్గర అద్దె ఇంట్లో ఉండేవారు. 2021లో తిరుచానూరులో సొంత ఇల్లు కట్టుకుని అక్కడికి మారారు. అది కూడా తిరుపతే కదా అని ప్రత్యేకంగా రాయలేదు. కార్డు పాతది, ఏపీ అన్న అక్షరాల తరువాత గీతలు, అంకెలు, మళ్ళీ గీతలు ఉన్నాయి.

రాములోరి వీధి (7.58)

తిరుచానూరు పంచాయతీ, తిరుపతి రూరల్ మండలం. మీ నియోజకవర్గం తిరుపతి కాదు, చంద్రగిరి. గీతలున్న పాత సంఖ్యతో వెతికితే దొరకదు, ఇప్పటి సంఖ్యలో మూడు ఆంగ్ల అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. సంఖ్యను వదిలేసి, చంద్రగిరి ఎంచుకుని పేరుతో వెతకండి.

పాత అయ్యవారు (8.10)

సరిగ్గా చెప్పారు. తిరుపతి శాసనసభ నియోజకవర్గం సంఖ్య 167, అందులో నగరం, తిరుమల ఉంటాయి. ఊరు దాటి రూరల్ మండలంలోకి అడుగు పెడితే 166, అది చంద్రగిరి. నగరం పెరిగి పెరిగి రెండూ కలిసిపోయినందువల్ల రోడ్డు మీద వెళ్ళేవారికి సరిహద్దు తెలియదు. కొత్త దరఖాస్తు గురించి అడిగారు కనుక చెబుతున్నాను. నామినేషన్లకు చివరి రోజైన ఏప్రిల్ 25 తరువాత ఈ ఎన్నికకు జాబితాలో ఎవరినీ చేర్చరు. మీ మరిదిగారు ఇల్లు మారినట్టు ఫారం 8 అంతకు ముందే పెట్టి, అది ఆమోదం పొంది ఉంటే పేరు అక్కడ తప్పక ఉంటుంది. అదే జరిగి ఉంటే మీరు తిరుపతిలో ఎంత వెతికినా కనిపించదు, ఎందుకంటే అక్కడ తీసివేసే ఇక్కడ చేరుస్తారు.

మామిడి తోట (8.22)

అయితే వారు ఓటు వేసేది చిత్తూరు లోక్‌సభకా? జిల్లా మాత్రం తిరుపతి. ఇదెక్కడి న్యాయం? కలెక్టరు ఒక ఊరిలో, ఎంపీ ఇంకొక ఊరికి.

పాత అయ్యవారు (8.35)

న్యాయాన్యాయాల మాట కాదు. లోక్‌సభ, శాసనసభ హద్దులు 2008 నాటి పునర్విభజనలో గీసినవి, 2009 నుంచి అవే నడుస్తున్నాయి. జిల్లాలను విడదీసినది 2022 ఏప్రిల్ 4న. జిల్లా మారినంత మాత్రాన నియోజకవర్గం మారదు. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోనే ఉన్నా అక్కడివారు తిరుపతి లోక్‌సభకు ఓటు వేస్తున్నారు కదా.

అలిపిరి మెట్లు (8.41)

మొత్తానికి రేపు రెండు యంత్రాలు ఉంటాయి. ఒకటి పార్లమెంటుకు, ఒకటి అసెంబ్లీకి. పెద్దావిడ ఒక్క బటన్ నొక్కి బయటికి వచ్చేయకుండా ముందే చెప్పండి. ఈ మాటైనా తప్పు కాదనుకుంటాను.

స్వర్ణముఖి ఒడ్డు (9.17)

దొరికింది! చంద్రగిరి ఎంచుకుని వెతికితే మూడో ప్రయత్నంలో వచ్చింది. పేరులో ఒక అక్షరం తేడాగా ఉన్నది కానీ భర్త పేరు, ఇంటి సంఖ్య సరిపోయాయి. భాగం సంఖ్య, క్రమ సంఖ్య రెండూ కాగితం మీద రాసుకున్నాను. పోలింగు కేంద్రం మా ఇంటికి దగ్గరలోనే ఉన్న ప్రభుత్వ పాఠశాల. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. కొత్త కార్డు మా చేతికి రాలేదు, ఓటరు చీటీ కూడా రాలేదు. మరొకటి, ఆమెకు మోకాళ్ళ నొప్పులు, చూపు కూడా కొంచెం మందం. నేను లోపలికి వెంట వెళ్ళవచ్చునా? నా వేలికి ఇప్పటికే సిరా గుర్తు ఉన్నది, అది చూసి అభ్యంతరం చెబుతారేమోనని భయంగా ఉన్నది.

రాములోరి వీధి (9.20)

ఆధార్ చాలు. చీటీ లేకపోయినా ఫరవాలేదు, ఉన్నా అది గుర్తింపు పత్రం కాదు.

పాత అయ్యవారు (9.46)

ఒక్క అక్షరం తేడా వల్ల ఇబ్బంది ఉండదు, మనిషి ఆమేనని తేలితే చాలు. ఆధార్ లేకపోతే పాన్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం, పింఛను పత్రం, ఉపాధి హామీ కార్డు వంటివి కూడా చెల్లుతాయి. తోడు విషయంలో నియమం 49ఎన్ ఉన్నది. చూపు లేనందువల్ల గానీ అశక్తత వల్ల గానీ గుర్తులను పోల్చుకోలేని, బటన్ నొక్కలేని ఓటరుకు 18 సంవత్సరాలు నిండిన తోడును అనుమతిస్తారు. ఆ తోడు, ఓటును రహస్యంగా ఉంచుతానని, ఆ రోజు ఇంకెవరికీ తోడుగా వెళ్ళలేదని ప్రిసైడింగ్ అధికారికి రాసి ఇవ్వాలి. చూపు కొంచెం మందం అన్నంత మాత్రాన కుదరదు, అధికారికి అవసరం అనిపించాలి. ఆమె గుర్తులను చూడగలిగితే తలుపు వరకు మీరు పట్టుకుని, ఆ తరువాత ఆమెనే వెళ్ళనివ్వడం మంచిది. వృద్ధులను వరుసలో నిలబెట్టకుండా ముందుకు పంపుతారు, అక్కడి సిబ్బందిని అడగండి. మీ ఫోను ఇంట్లోనే వదిలి వెళ్ళండి.

బటన్ నొక్కిన తరువాత పక్కనున్న పెట్టెలో అద్దం వెనుక ఏడు సెకన్లు చీటీ కనబడుతుందని ఆమెకు చెప్పండి. మా కాలంలో అది లేదు. మొదటిసారి చూసేవారు చీటీ చేతికి వస్తుందని అక్కడే నిలబడిపోతారు.

మైసూరు మల్లె (10.08)

సిరా గురించి ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. 1962 ఎన్నికల నుంచి మన వేళ్ళకు పూసే సిరా అంతా మైసూరులోని కర్ణాటక ప్రభుత్వ సంస్థ నుంచే వస్తున్నది. అందులోని సిల్వర్ నైట్రేట్ వెలుతురు తగిలి చర్మంలో నల్లబడుతుంది. అందుకే సబ్బుతో రుద్దినా, నిమ్మకాయ రాసినా పోదు. గోరు పెరిగి పోయేదాకా ఆగవలసిందే. ఏప్రిల్ 26న పూసిన గుర్తు కనుక మీకు ఇంకా కొంతకాలం ఉంటుంది.

స్వర్ణముఖి ఒడ్డు (10.15)

ఆ విషయం మా అత్తగారికి చదివి వినిపించాను, నవ్వారు. రేపు ఉదయం ఏడు గంటలకే వెళతాము.

అలిపిరి మెట్లు (మే 13, మధ్యాహ్నం 12.20)

అక్కా, ఏమైంది? ఇక్కడ మా వరుస ఇంకా కదలడం లేదు. వాట్సాప్ సందేశం సంగతి మా గ్రూపులో చెబితే నన్నే తిట్టారు.

పాత అయ్యవారు (మే 13, సాయంత్రం 5.35)

వరుసలో ఉన్నవారు ఎవరూ ఆరు గంటలు అవుతున్నదని వెనుదిరగవద్దు. ఆరు గంటలకు వరుసలో ఉన్న ప్రతి ఒక్కరికీ చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు. చీటీ చేతిలో ఉంటే ఎంత రాత్రి అయినా ఓటు వేయవచ్చును.

స్వర్ణముఖి ఒడ్డు (మే 15, ఉదయం 8.10)

ఆలస్యానికి మన్నించండి, 13నాడు రాత్రికే బెంగళూరు బస్సు ఎక్కవలసి వచ్చింది. ఓటు వేశారు. తోడు అవసరం లేదని, తానే వెళతానని అన్నారు. అందరికీ ధన్యవాదాలు.

మామిడి తోట (మే 15, ఉదయం 9.02)

సంతోషం. మా పిన్ని పేరు పాకాల వద్ద రెండు చోట్ల ఉన్నట్టు ఈసారి బయటపడింది. ఒకటి తీసివేయించాలంటే ఫారం 7 ఆమె పెట్టాలా, ఊరిలో ఉన్న ఎవరైనా పెట్టవచ్చునా?