రాక్‌లో అన్యాయం జరిగిన గిటారిస్ట్ ఎవరు? సోలో వాయించేవాడా, వెనక నిలబడేవాడా?

రిథమ్_చెయ్యి:
గొప్ప గిటారిస్టుల జాబితా ఏది తీసినా సోలోలే, అంటే పాట మధ్యలో గిటార్ ఒంటరిగా ముందుకొచ్చి వాయించే భాగాలే, కొలబద్ద. హెండ్రిక్స్, పేజ్, క్లాప్టన్, ఆ తర్వాత ఎవరెంత స్పీడు అన్న లెక్క. వెనక కార్డులతో పాట లయను మోసే రిథమ్ గిటార్ వాయించేవాళ్లకు ఈ లెక్కలో చోటే లేదు. అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగింది ఏసీ/డీసీ బ్యాండ్ రిథమ్ గిటారిస్ట్ మాల్కమ్ యంగ్‌కి అని నా వాదన.

స్కూల్ యూనిఫాంలో స్టేజంతా తిరిగే తమ్ముడు ఆంగస్ అందరికీ తెలుసు. మాల్కమ్ డ్రమ్స్ దగ్గర నిలబడేవాడు. కోరస్ పాడాల్సినప్పుడు మైకు దాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లిపోయేవాడు. 1973లో సిడ్నీలో ఆ బ్యాండ్ మొదలైంది మాత్రం అతని వల్లే.

వాళ్ల పాట 'బ్యాక్ ఇన్ బ్లాక్' (1980) మొదలు ఒక్కసారి వినండి. ఇ (E) కార్డ్, అంటే కొన్ని తీగలు కలిపి మోగించే స్వరాల గుత్తి, ఒకసారి, ఆపు. డి (D) కార్డ్ మూడుసార్లు, ఆపు. ఏ (A) కార్డ్ మూడుసార్లు. కొత్తగా గిటార్ పట్టినవాళ్లకి కూడా ఆ మూడు కార్డులు త్వరగానే వచ్చేస్తాయి, ఆ ఆపడమే రాదు. మోగుతున్న తీగను ఎక్కడ నొక్కేయాలో తెలియడం మీదే ఆ రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) అంతా నిలబడింది. పైగా డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించడం) చాలా తక్కువ. మాల్కమ్ తన గ్రెచ్ కంపెనీ గిటార్‌లో మిగతా పికప్‌లు (తీగల మోతను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు) పీకేసి బ్రిడ్జి దగ్గరి పికప్ ఒక్కటే ఉంచుకున్నాడు. మందం తీగలు, గరగర పెంచే గెయిన్ తగ్గించిన మార్షల్ ఆంప్లిఫయర్. అందుకే కార్డులో ప్రతి తీగా విడివిడిగా వినిపిస్తుంది. చెయ్యి కాస్త తడబడినా దాచుకోవడానికి చోటుండదు.

కార్క్_స్ట్రాట్:
బ్రదర్, మాల్కమ్ గొప్పవాడే, కాదనను. కానీ ఏసీ/డీసీ పేరు వినని రాక్ అభిమాని ఎవరున్నారు? స్టేడియాలు నింపారు, 2003లో రాక్ దిగ్గజాలను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లారు. ఇంత గుర్తింపు ఉన్నవాడికి అన్యాయం ఏంటి?

నా ఓటు రోరీ గల్లాగర్‌కి. ఐర్లండ్‌లో బాలీషానన్‌లో పుట్టి, కార్క్‌లో పెరిగాడు. 15 ఏళ్ల వయసులో, 1963లో, 100 పౌండ్ల ధరకు అప్పు చేసి ఒక సెకండ్‌హ్యాండ్ స్ట్రాటోకాస్టర్ గిటార్ కొన్నాడు. జీవితమంతా దాన్నే వాయించాడు, పెయింట్ మొత్తం ఊడిపోయి చెక్క బయటపడింది. కాలితో నొక్కి గిటార్ చేత 'వా-వా' అనిపించే వా పెడల్ అక్కర్లేకుండా, వాయిస్తూనే చిటికెన వేలితో గిటార్ మీది టోన్ నాబ్ తిప్పి తీగ చేత మాట్లాడించేవాడు. సింగిల్స్ (ఒక్కో పాటను విడిగా తెచ్చే రికార్డులు) విడుదల చేయనని పట్టుబట్టాడు. రేడియోలో వినిపించే దారిని తనే మూసుకున్నాడు కాబట్టే ఈ రోజు ఇంతమందికి తెలియదు. అల్లర్ల భయంతో పెద్ద బ్యాండ్లు ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వైపు చూడని రోజుల్లో అక్కడికి వెళ్లి వాయించాడు. అతని లైవ్ ఆల్బమ్ 'ఐరిష్ టూర్ 74' వినండి. ఆ జనం అరుపుల్లో వాళ్లకి ఆ రాత్రి ఎంత విలువైందో తెలుస్తుంది. 1995లో, 47 ఏళ్లకే పోయాడు.

పోలీస్_అర్పెజియో:
మీరిద్దరూ పేరు గురించి మాట్లాడుతున్నారు. నేను హక్కు గురించి అడుగుతున్నా. 'ద పోలీస్' బ్యాండ్ గిటారిస్ట్ ఆండీ సమ్మర్స్ సంగతేంటి?

'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' (1983) అనగానే మీ చెవిలో ముందు మోగేది గొంతా, గిటారా? బ్యాండ్ గాయకుడు స్టింగ్ ఆ పాటను ఆర్గాన్ మీద చేసిన డెమోగా (నమూనా రికార్డింగ్‌గా) తెచ్చాడు. మాంట్సెరాట్ దీవిలోని స్టూడియోలో ఆ అర్పెజియో (కార్డులోని స్వరాలను ఒక్కొక్కటిగా మోగించడం) పెట్టింది సమ్మర్స్. మామూలు మేజర్, మైనర్ కార్డుల్లోకి తొమ్మిదో స్వరం చేర్చి, వేళ్లు బాగా చాచి వాయించాడు. ఆ ఒక్క స్వరం వల్లే అది మామూలు ప్రేమపాటలా కాకుండా ఏదో గుబులుగా వినిపిస్తుంది. అయినా పాట రాసింది స్టింగ్ ఒక్కడే అని కాగితం మీద ఉంది. 1997లో ర్యాపర్ పఫ్ డాడీ తన పాటకి తీసుకున్నది సరిగ్గా ఆ గిటార్‌నే, ఆ రాయల్టీలు కూడా స్టింగ్‌కే వెళ్లాయి. చివరికి 2025లో సమ్మర్స్, డ్రమ్మర్ కోప్‌లాండ్ ఇద్దరూ రాయల్టీల మీద లండన్ హైకోర్టుకెక్కారు. మాల్కమ్‌కి ఆ బాధ లేదు, ఏసీ/డీసీ పాటల రచయితల్లో యంగ్ సోదరులిద్దరి పేర్లూ ఉన్నాయి.

రిథమ్_చెయ్యి:
సమ్మర్స్ విషయంలో మీ కోపం న్యాయమైనదే అండి. అయితే అది నా మాటనే బలపరుస్తోంది. సమ్మర్స్ ఆ పాటలో చేసింది కూడా సోలో కాదు, వెనక నిలబడి పాటను మోసే పనే. అలాంటి వాయిద్యాన్ని 'అకంపనిమెంట్' (తోడు వాయిద్యం) అని పక్కన పెట్టే అలవాటు వల్లే ఒకరికి జాబితాలో చోటు పోయింది, ఇంకొకరికి డబ్బు పోయింది.

వాన_పాట:
అన్నయ్యలూ, అందరూ మగవాళ్ల పేర్లే చెప్తున్నారు. సిస్టర్ రోజెటా థార్ప్ ఎక్కడ? 1944లోనే ఆమె రికార్డులో ఎలక్ట్రిక్ గిటార్ ఉరకలు వేస్తోంది. రాక్ ఆద్యుల్లో ఒకడైన చక్ బెర్రీ మొదటి రికార్డు వచ్చింది 1955లో. హాల్ ఆఫ్ ఫేమ్ 1986 నుంచి జనాన్ని చేర్చుకుంటూ పోతే ఆమె వంతు 2018కి వచ్చింది, అప్పటికి ఆమె పోయి 45 ఏళ్లు. 1964లో మాంచెస్టర్‌లో వాడకంలో లేని రైల్వే స్టేషన్‌లో తీసిన టీవీ కార్యక్రమం చూడండి. అవతలి ప్లాట్‌ఫాం మీద జనం, వాన పడి తడిసిన నేల. ఆవిడ కోటు వేసుకుని వచ్చి, గిటార్ తగిలించుకుని 'డిడింట్ ఇట్ రెయిన్' అందుకుంటారు. ఒక్కొక్క నోట్ ఎంత ధీమాగా పడుతుందో!

కార్క్_స్ట్రాట్:
ఆవిడది గాస్పెల్, అంటే చర్చి భక్తి సంగీతం కదమ్మా, రాక్ అనొచ్చా?

వాన_పాట:
పాట మాటలు గాస్పెల్. ఆ తీగ వంచడం, ఆ ఊపు రాక్ కాకపోతే మరేంటి? ఆ తర్వాత వచ్చినవాళ్లని రాక్ అని పిలిచి, వాళ్లకంటే ముందున్నావిడని చర్చి గాయని అని వేరే గదిలో కూర్చోబెట్టడం దగ్గరే మొదలైంది ఈ అన్యాయం.

సౌండ్_ఇంజనీర్_హైద్:
మాల్కమ్ మీద ఒక సూటి ప్రశ్న. మతిమరుపు జబ్బుతో 2014లో తప్పుకున్నాక అన్నకొడుకు స్టీవీ యంగ్ వచ్చాడు. బ్యాండ్ ఆగలేదు. ఆ స్థానాన్ని ఇంకొకరు నింపగలిగితే అతని ప్రత్యేకత ఏంటి?

రిథమ్_చెయ్యి:
స్టీవీ వాయిస్తున్నది ఎవరి భాగాలు సార్? మాల్కమ్ కూర్చినవే. 1988 టూర్‌లో మాల్కమ్ కొన్నాళ్లు దూరమైనప్పుడు కూడా పిలిచింది స్టీవీనే. పేరున్న సోలో వీరుడిని తీసుకురావచ్చు, తీసుకురాలేదు. ఆ ఇంట్లో పెరిగిన కుడిచెయ్యి కావాలనుకున్నారు. సోలో వాయించేవాడు మారితే కొత్త సోలో వస్తుంది, జనం సర్దుకుంటారు. ఇక్కడ ఒక్క స్ట్రోక్ అటూ ఇటూ అయితే పాటే వేరే పాట అయిపోతుంది.

మీరు మిక్సింగ్ చేసేవారు కాబట్టి అడుగుతున్నా. ఆ రికార్డుల్లో అన్నదమ్ముల గిటార్లు చెరో వైపు ఉంటాయి. ఒక ఇయర్‌ఫోన్ తీసేసి మాల్కమ్ వైపు మాత్రమే ఒక పాట మొత్తం వినండి. తర్వాత ఆంగస్ వైపు మాత్రమే వినండి. ఏ వైపు తీసేస్తే పాట కూలిందో ఇక్కడే రాయండి.