సోలార్ గట్టి వాచీ కొనాలి: రేడియో టైమ్ మన శ్రీకాకుళంలో అందుతుందా?

గార_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది గార మండలంలో సముద్రం ఒడ్డున ఊరు. కానిస్టేబుల్ ఫిజికల్ టెస్టుకి తయారవుతున్నాను. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. ఇన్నాళ్ళూ ఫోన్ చేత్తో పట్టుకునే పరిగెత్తాను. చెమట చేతికి స్క్రీన్ స్పందించదు, స్టాప్ నొక్కేసరికి అయిదారు సెకన్లు పోతున్నాయి. సెలవు రోజుల్లో నాన్నతో బోటు మీద వేటకి వెళ్తాను, కాబట్టి ఉప్పునీళ్ళు తప్పవు. బ్యాటరీ గొడవ లేని సోలార్ డిజిటల్ వాచీ కోసం ఏడాదిగా పదివేలు దాచాను. ‘మల్టీబ్యాండ్ 6’ అని రాసి ఉన్న వాచీకీ, అది లేని దానికీ ధరలో బాగా తేడా ఉంది. రేడియోతో టైమ్ దానంతట అదే సరిచేసుకుంటుందట. మన దగ్గర అది పనిచేస్తుందా? వాడినవాళ్ళు చెప్పండి.

ఘంటస్తంభం_దగ్గర:
తమ్ముడూ, నాది విజయనగరం. క్యాసియో కంపెనీ జీ-షాక్ చదరపు మోడల్, జీడబ్ల్యూ-ఎం5610, నాలుగేళ్ళుగా నా చేతికే ఉంది. ముందే చెప్పేస్తున్నాను, రేడియో కోసమైతే కొనకు.

మల్టీబ్యాండ్ 6 అంటే ప్రపంచంలో ఆరు స్టేషన్ల సంకేతాలు పట్టుకోగలదని అర్థం. జపాన్‌లో రెండున్నాయి, ఫుకుషిమాలో 40 కిలోహెర్ట్జ్, క్యూషూ వైపు 60. చైనాలో షాంగ్‌చ్యూ దగ్గర 68.5. జర్మనీలో మైన్‌ఫ్లింగెన్ 77.5, ఇంగ్లండ్‌లో యాంథోర్న్ 60, అమెరికాలో ఫోర్ట్ కాలిన్స్ 60. మన దేశంలో ఈ వాచీలు పట్టుకునే స్టేషన్ ఒక్కటీ లేదు. అన్నిటికన్నా దగ్గరిది చైనాది. వాచీతో వచ్చిన పుస్తకంలో దాని పరిధి సుమారు 1500 కిలోమీటర్లని రాశారు. మనకీ దానికీ మధ్య 3000 కిలోమీటర్ల పైనే ఉంది.

అయినా ఆశ చావక ఒక చలికాలం వారం రోజులు ప్రయత్నించాను. ఇలాంటి పొడవైన తరంగాలు రాత్రిపూట ఎక్కువ దూరం వస్తాయి కదా. హోమ్ సిటీ, అంటే వాచీలో మన ఊరుగా ఎంచుకునే నగరం, హాంకాంగ్ పెట్టి, డాబా మీద పిట్టగోడ చివర, వాచీ పైవైపు (12 గంటల వైపు) ఈశాన్యానికి తిప్పి పెట్టేవాణ్ణి. తెల్లారాక మంచు తుడిచి చూస్తే సంకేతం అందిన గుర్తు ఒక్కరోజూ లేదు. హోమ్ సిటీ ఢిల్లీ పెడితే అసలు వెతకనే వెతకదు.

కానీ ఆ వాచీని మాత్రం వదల్లేదు. సంకేతం లేకపోయినా నెలకు 15 సెకన్లు అటూ ఇటూ లోపే ఉంటుందని కంపెనీ మాట. నాది ఏడెనిమిది సెకన్లు ముందుకు పోతుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల సైట్లో టైమ్ చూసి సెకన్లు సున్నా చేసుకుంటాను. నిమిషం పని.

ఉద్దానం_జీడితోట:
రేడియో సంగతి అన్నయ్య చెప్పారు. నేను సోలార్ గురించి చెప్తాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదుగానే పోయింది. కొబ్బరి, జీడి చెట్లు ఇంటి చుట్టూ అడ్డంగా పడ్డాయి. కరెంటు రోజుల తరబడి లేదు. రెండోరోజు సాయంత్రానికి ఇంట్లో ఫోన్లన్నీ చచ్చిపోయాయి. నాన్నకి పూటపూటకీ టైమ్ ప్రకారం వేయాల్సిన మందులున్నాయి. గోడగడియారం పెంకులు పడి పగిలిపోయింది. ఆ వారమంతా నా చేతి సోలార్ వాచీ అలారం మీదే మందులు నడిచాయి. అర్ధరాత్రి దాని లైటు వెలుగులో మాత్ర పేరు చదివి వేశాను. అప్పటినుంచి ఛార్జింగ్ పెట్టాల్సిన వాచీ నాకు వద్దు.

ఇంకో మాట, సోలార్ అన్నారు కదా అని గంటలకొద్దీ ఎండలో పెట్టక్కర్లేదు. మామూలు వాడకానికి బయట ఎండలో రోజుకి 5 నిమిషాలు చాలు. గదిలో ట్యూబ్‌లైటు కింద అయితే దానికే 8 గంటలు పడుతుంది. అరసవల్లి స్వామి జిల్లా మనది, ఎండకి లోటేముంది? కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దు, ఆ వేడికి బ్యాటరీ పాడవుతుంది.

ఆమదాలవలస_అక్క:
ఒకసారి రాత్రి బీరువా తెరిస్తే నా సోలార్ వాచీ స్క్రీన్ ఖాళీగా ఉంది. చచ్చిపోయిందనుకుని ఏడుపొక్కటే తక్కువ. బయటికి తీసి లైటు కింద పెట్టగానే అంకెలు వచ్చేశాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య గంటకు పైగా చీకట్లో ఉంటే అది నిద్రపోతుందట. ఇది తెలియక ఎవరూ షాపుకి పరిగెత్తకండి.

అంతకుముందు తమ్ముడి కోసం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర సగం ధరకే ‘సోలార్’ వాచీ కొన్నాను. డయల్ మీద సోలార్ అన్న అక్షరాలు ఉన్నాయి గానీ లోపల ప్యానెల్ లేదు. ఛార్జ్ ఎంత ఉందో చూపించే గుర్తు కూడా అచ్చు వేసిందే, ఎప్పుడూ మారదు. ఏడు నెలలకి ఆగిపోయింది. డబ్బులు తిరిగి రాలేదు. బిల్లు, వారంటీ కార్డు చేతిలో పడకుండా డబ్బు కట్టకు తమ్ముడూ.

రాజాం_మాస్టారు:
బాబూ, నేను ఫిజిక్స్ చెప్తాను, నా వాచీ మీద చేసి చూసిన పని ఒకటి రాస్తున్నాను. రేడియో వాచీ ఇప్పటికే ఉన్నవాళ్ళకి ఇది పనికొస్తుంది. జపాన్ స్టేషన్ సంకేతాన్ని అనుకరించే ఫోన్ యాప్‌లు ఉన్నాయి. ఫోన్ స్పీకర్ 40 కిలోహెర్ట్జ్ ఇవ్వలేదు, అందుకని యాప్ అందులో మూడోవంతు, 13.33 కిలోహెర్ట్జ్ సంకేతం పంపిస్తుంది. దాని మూడోరెట్టు 40 అవుతుంది, స్పీకర్‌లో, తీగలో పారే కరెంటు నుంచి వాచీలోని చిన్న యాంటెన్నా దాన్ని పట్టుకుంటుంది. నేను పాత ఇయర్‌ఫోన్ తీగని వాచీ చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, హోమ్ సిటీ టోక్యో పెట్టి, వాల్యూమ్ పూర్తిగా పెంచి టేబుల్ మీద వదిలేశాను. సన్నటి కీచుమన్న శబ్దం తప్ప ఏమీ వినిపించదు. రెండోసారికి, అయిదారు నిమిషాల్లో సెకనుతో సహా సరిపోయింది. తర్వాత హోమ్ సిటీ ఢిల్లీకి మార్చేశాను. ఆ రోజు తరగతిలో పిల్లలకి కూడా చూపించాను, అందరూ వాచీ మీదకి వంగిపోయారు.

ఇక నీ అవసరానికి వద్దాం. నెలకి 15 సెకన్లంటే రోజుకి అర సెకను. నువ్వు పరిగెత్తే 8 నిమిషాల్లో వచ్చే తేడా సెకనులో మూడువందలో వంతు కూడా ఉండదు. స్టాప్‌వాచ్‌కి రేడియోతో పని లేదు. నీకు కావాల్సింది ల్యాప్ మెమరీ, అంటే ఒక్కో చుట్టు టైమ్‌ని దాచుకునే సౌకర్యం. 400 మీటర్ల చొప్పున నాలుగు చుట్లు, చుట్టుకి సరిగ్గా 2 నిమిషాలు. ఏ చుట్టులో ఎంత పోతోందో తెలియకుండా మొత్తం టైమ్ ఒక్కటే చూసుకుంటే తప్పు ఎక్కడుందో తెలీదు. పైన చెప్పిన చదరపు మోడల్ మంచిదే గానీ దాని స్టాప్‌వాచ్ ల్యాప్‌లు దాచిపెట్టుకోదు. ఇది చూసుకోకుండా కొంటే తర్వాత బాధపడతావు.

షిప్పు_బావ:
మాది భీమిలి రోడ్డు వైపు, ఉద్యోగం సరుకు ఓడ మీద. యొకొహామా రేవులో లంగరేసిన రాత్రి హోమ్ సిటీ టోక్యోకి మార్చి పడుకున్నాను. లేచేసరికి సంకేతం అందిన గుర్తు వెలుగుతోంది. అలాంటి చోట్లకి వెళ్ళేవాళ్ళకే దానికి పెట్టిన డబ్బు దక్కుతుంది. ఊళ్ళో ఉండేవాళ్ళకి బ్లూటూత్ మోడల్ నయం, ఫోన్ నుంచి రోజుకి నాలుగుసార్లు టైమ్ తీసుకుంటుంది.

ఉప్పునీళ్ళ గురించి కూడా వినండి. ఒడ్డుకి రాగానే మంచినీళ్ళతో కడిగి, స్ట్రాప్ లోపలివైపు కూడా తుడవాలి. తడిగా ఉండగా బటన్లు నొక్కకూడదు. నా మొదటి వాచీకి ఈ జాగ్రత్తలు లేక మూడేళ్ళకే స్ట్రాప్ కన్నాల దగ్గర పగిలింది. ఇంకోటి, నల్ల స్క్రీన్ మీద తెల్ల అంకెలవి అందంగా ఉంటాయి గానీ తెల్లవారుజామున మసక వెలుగులో చదవలేం. లేత స్క్రీన్ మీద నల్ల అంకెలున్నదే తీసుకో.

ఆమదాలవలస_అక్క:
పరుగుకైతే బరువు కూడా చూసుకో. ఆ చదరపుది 52 గ్రాములు. రేంజ్‌మ్యాన్ అనే గుండ్రటి పెద్దది 93 గ్రాములు. షాపులో చేతికి పెట్టుకుని నాలుగు అడుగులు పరిగెత్తి చూస్తే నీకే తెలుస్తుంది.

గార_కుర్రోడు:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు ల్యాప్ మెమరీ చూసే కొన్నాను. సోలార్, 120 ల్యాప్‌లు, 100 మీటర్ల నీటి రక్షణ, లేత స్క్రీన్. రేడియో లేదు. బిల్లు, వారంటీ కార్డు తీసుకున్నాను. అయినా దాచిన డబ్బులో సగం పైన మిగిలింది, దాంతో బూట్లు కొంటాను.

నిన్న పొద్దున్న హైస్కూల్ గ్రౌండులో టేపుతో 400 మీటర్లు కొలిచి సున్నం గీత వేసి పరిగెత్తాను. 1:52, 1:58, 2:09, 2:03. మొత్తం 8:02. ఇన్నాళ్ళూ చివరి చుట్టులో వెనకబడుతున్నానని అనుకునేవాణ్ణి. మూడో చుట్టులోనే 9 సెకన్లు పోతున్నాయి! మొదటి చుట్టు దూకుడుగా వెళ్ళడం వల్లేనా మాస్టారూ?

రాజాం_మాస్టారు:
అవును బాబూ. మొదటిది 1:57కి పట్టి ఉంచు, ఊపిరి మూడో చుట్టు దాకా నిలుస్తుంది. వారం తర్వాత మళ్ళీ నాలుగు అంకెలూ రాయి.

గార_కుర్రోడు:
అలాగే మాస్టారూ. రేపు మాత్రం పరుగు లేదు. నాన్న వాచీని చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు లేకుండానే అంకెలు చదివి, తెల్లవారుజామున 3 గంటలకి అలారం పెట్టమన్నారు. వేటకి రేపు ఆయన చేతికే వెళ్తోంది.