కరువు జిల్లాలో వరదకు సంచి సర్దుకోవాలా? పాలమూరు, నల్గొండ వాళ్లు చెప్పండి

పాలమూరు టీచరమ్మ:
మొన్న ఆదివారం మా కాలనీ మీటింగ్‌లో ఒక మాట పెట్టాను. వానాకాలం మొదలయ్యేలోపు ప్రతి ఇంట్లో ఒక సంచి సర్ది, చేతికందేలా గోడకు తగిలించుకుందాం అన్నాను. ఆధార్, పట్టా పాసుబుక్కు, పిల్లల మెమోలు ఒక జిప్ కవర్‌లో. పెద్దవాళ్ల బీపీ, షుగర్ గోళీలు వారానికి సరిపడా. టార్చి, పవర్ బ్యాంకు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, కొన్ని అటుకులు, కాసిన్ని పల్లీలు. సగం మంది ఒప్పుకోలేదు. "మనది కరువు జిల్లా మేడమ్, గోదావరి ఒడ్డున ఉన్నామా" అన్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నా లెక్క ఇది. ఒక్క రోజులో 20 సెంటీమీటర్లు దాటి పడితే వాతావరణ శాఖ దాన్ని అత్యంత భారీ వర్షం అంటుంది. మనకు ఏడాది మొత్తం పడేదే 60, 70 సెంటీమీటర్లు. అంటే ఏడాది వానలో మూడో వంతు ఒక్క రోజే మీద పడొచ్చు. మన దగ్గర చాలా చోట్ల కొంచెం తవ్వితే రాయి తగులుతుంది. నీళ్లు ఇంకే చోటు తక్కువ, పడింది పడినట్టే పల్లానికి ఉరుకుతుంది. 2022 జూలైలో మన్యంకొండ దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి కింద స్కూలు బస్సు నీళ్లలో ఇరుక్కుంటే ఊరివాళ్లు పరుగెత్తి పిల్లల్ని బయటికి తెచ్చారు. అది నది ఒడ్డు కాదు.

కోస్గి రైతు:
టీచరమ్మా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, నేను ఒప్పుకోను. మేం జూన్ నుంచి మొగులు చూసుకుంటూ కూర్చునేవాళ్లం. బోర్ల మీద బోర్లు వేసి అప్పుల్లో పడ్డాం. వాన అంటే మాకు పండగ. దాన్ని చూసి భయపడమని పిల్లలకు ఇప్పటినుంచే నేర్పితే ఎట్లా?

అసలు సంగతి వేరే ఉంది. నీళ్లు ఇళ్లలోకి ఎందుకొస్తున్నాయి? చెరువు నిండితే మిగులు నీళ్లు పోయే అలుగు కాలువ పూడ్చి ప్లాట్లు చేశారు, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో ఇళ్లు లేచాయి, ఒర్రె, అంటే చిన్న వాగు ఉన్నచోట సీసీ రోడ్డు పడింది. ఇదంతా చేసినవాళ్లు, చేయనిచ్చినవాళ్లు బాగానే ఉన్నారు. కిరాయి ఇంట్లో ఉన్న మనిషి మాత్రం సంచి సర్దుకోవాలి! రేపు నీళ్లొస్తే "మీరెందుకు సిద్ధంగా లేరు" అని మననే అడుగుతారు. ఇంకోటి, పంట పోయిన ఏడాది మా దగ్గర పుణె, బొంబాయి పనులకు పోయినవాళ్లు పోగా ఊళ్లో మిగిలేది ముసలివాళ్లే. వాళ్లు సంచి మోసుకుని ఎక్కడికి పోతారు?

రాజోలి బిడ్డ:
అన్నా, 2009లో మేమూ అదే అనుకున్నాం. ఆ ఏడు మొదట్లో కరువే. ఆగస్టులో మా వీధిలో బిందెల కోసం కొట్లాటలు. అక్టోబర్ మొదటి వారంలో తుంగభద్ర ఊరి మీదికి వచ్చింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయని, ఆ డ్యామ్ తట్టుకునేది 19 లక్షలేనని తర్వాత పేపర్లో చదివాం. మాకు తెలిసేసరికి మాత్రం నీళ్లు ఇంట్లో ఉన్నాయి.

మాది గుంత మగ్గం, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంత నేలలోనే ఉంటుంది. వాకిట్లో ఇంకా నీళ్లు లేవు, గుంతలో మాత్రం చీలమండ దాకా ఊరాయి. "గుంతలో నీళ్లు పోసిందెవరే" అని మా అమ్మ నా మీద అరిచింది. కాసేపటికి గడప దాటాయి. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. దాన్ని కోయడానికి నాన్నకు చేయి రాలేదు, పడుగు విప్పే టైమ్ లేదు. కత్తెర పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మేం పిలుస్తున్నా కదల్లేదు. చివరికి మిద్దె ఎక్కేటప్పుడు అమ్మ చేతిలో ఉన్నది ఏమిటో తెలుసా? చింతకాయ పచ్చడి జాడీ. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం సందూకలో ఉండిపోయాయి. టెన్షన్‌లో మనిషికి ఏది ముఖ్యమో తోచదు అన్నా, అది ముందే తేల్చి పెట్టుకోవాలి.

నీళ్లు పోయాక నష్టం రాసుకోవడానికి వచ్చారు. కాగితాలు లేవని మొదటి లిస్టులో మా పేరు ఎక్కలేదు. గుంతలో బురద ఎండి రాయిలా అయింది, గడ్డపారతో తవ్వితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మధ్యలో జరీ పోగులు మెరుస్తూ కనిపించాయి. నాన్న వాటిని ఏరి చేతిలో పెట్టుకున్నాడు. మీరు చెప్పిన తప్పులన్నీ నిజమే, అడగాల్సిందే. కానీ ఆ రాత్రి అడగడానికి ఎవరూ ఉండరు.

కోస్గి రైతు:
అక్కా, చదివి మనసు పాడైంది. కానీ మీది నది ఒడ్డు. మాది గుట్టల నడుమ ఊరు. రెండింటికీ ఒకటే మందు పనిచేస్తుందా అన్నదే నా అనుమానం.

కోదాడ కిరాణం:
మాది నది ఒడ్డు కాదు. 2024 ఆగస్టు 31న మొదలైన వాన తెల్లారేసరికి మమ్మల్ని ముంచేసింది. కార్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. నడిగూడెం వైపు సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. నా షాపులో బియ్యం బస్తాలు నేల మీదే వరుస పెట్టేవాణ్ని. కింది వరుస తడిస్తే అదొక్కటే పోతుందనుకున్నా. అది ఉబ్బి, కుట్లు తెగి, పై వరుసలన్నీ ఒరిగి నీళ్లలో పడ్డాయి. ఇప్పుడు రెండున్నర అడుగుల ఎత్తున ఇనుప స్టాండ్లు చేయించి వాటి మీదే పెడుతున్నా. ఫ్రిజ్ కింద కూడా దిమ్మె కట్టించా. సంచి గురించి నాకు పెద్ద పట్టింపు లేదు గానీ, ఇంట్లో సామాను ఎత్తు మీదికి పోవాలి. బియ్యం డబ్బా, మిక్సీ, పిల్లల పుస్తకాలు సజ్జ మీద ఉంటే చాలావరకు మిగులుతాయి.

దేవరకొండ, ప్రస్తుతం షార్జా:
ఎడారిలో ఉన్నవాణ్ని, నా మాట కూడా వినండి. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ వాన దంచింది. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లా అనే చోట ఒక్క రోజులోపే 254.8 మిల్లీమీటర్లు పడింది. వీళ్లు రికార్డులు రాయడం మొదలుపెట్టాక, అంటే 75 ఏళ్లలో, ఇదే ఎక్కువ. వాన ఒక రోజే, మా వీధిలో నీళ్లు మాత్రం రోజుల తరబడి కదల్లేదు. ఇసుక నేల పీల్చేస్తుందని అందరూ అనుకుంటారు, సిటీలో ఇసుక ఎక్కడుంది? రాజస్థాన్ బాడ్మేర్‌లో 2006 ఆగస్టులో కవాస్ అనే ఊరు మునిగినప్పుడు ఇసుక ఉండి కూడా ఇంకలేదు, కింద జిప్సం పొర ఉంది. నెలల తరబడి నీళ్లు అట్లాగే నిలిచాయి.

మేం ఎక్కువ ఇబ్బంది పడింది తాగే నీళ్లకు. మోటార్లన్నీ కింద సెల్లార్‌లో ఉన్నాయి, అవి మునగగానే పైన ట్యాంకు ఖాళీ. చుట్టూ నీళ్లు, తాగడానికి గ్లాసుడు లేవు. ఊళ్లో మా ఇంటికి ఫోన్ చేసి రెండు 20 లీటర్ల క్యాన్లు నింపి ఎప్పుడూ ఎత్తు మీద ఉంచమన్నా. మనిషికి రోజుకు తాగడానికీ వండడానికీ కలిపి ఎంత లేదన్నా మూడు, నాలుగు లీటర్లు కావాలి. మునిగిన బోరు నీళ్లు క్లోరిన్ వేసి శుభ్రం చేయించేదాకా తాగొద్దు.

రిటైర్డ్ లైన్‌మన్, నాగర్‌కర్నూల్:
అందరూ సంచి అంటున్నారు, కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. నీళ్లు గడప దాకా వచ్చాక కాదు, వీధిలోకి రాగానే మెయిన్ ఆపాలి. మెయిన్ దగ్గర అప్పటికే నీళ్లుంటే దాని జోలికి పోవద్దు, 1912కు ఫోన్ చేసి లైన్ తీయించండి. మెయిన్ ఆపాం కదా అని ధీమాగా ఉండొద్దు, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో బోర్డులకు కరెంటు వస్తూనే ఉంటుంది. దాన్ని వేరుగా ఆపాలి. చాలా ఇళ్లలో బ్యాటరీ నేల మీదే ఉంటుంది, మంచి బల్ల మీదికి ఎక్కించండి. గ్యాస్ రెగ్యులేటర్ ఆపి, సిలిండర్‌ను కిటికీ ఊచకు కట్టండి, లేకపోతే తేలి పైపును లాగేస్తుంది. తడిసిన బోర్డులు ఎండినట్టు కనిపించినా ఎలక్ట్రీషియన్ చూసేదాకా స్విచ్ వేయొద్దు. నా సర్వీసులో వాన రోజు కంటే వాన వెలిసిన మర్నాడే ఎక్కువ ప్రమాదాలు చూశాను.

దుందుభి వాగు పక్కన:
కోస్గి అన్న మాటకు నేను ఇంకో కారణం కలుపుతా. మా చిన్నప్పుడు ఆగస్టులో చెరువులు ఎండి ఉండేవి. పెద్ద వాన పడినా చెరువు మింగేసేది. ఇప్పుడు పూడిక తీశారు, ఎత్తిపోతల లిఫ్టుల నీళ్లతో చాలా చెరువులు ముందే నిండి ఉంటున్నాయి. అది మంచిదే, నాకు దాని వల్లే రెండు పంటలు. కానీ నిండిన చెరువు మీద పది సెంటీమీటర్లు పడితే ఆ నీళ్లు నేరుగా అలుగు దూకుతాయి. అలుగు కింద కాలువ లేకపోతే వీధే కాలువ. కాబట్టి కరువు జిల్లా అన్న పాత లెక్కతో ఇప్పుడు ధైర్యంగా ఉండలేం.

వాగు మీద కాజ్‌వే, అంటే వాగు పొంగితే నీళ్లు పైనుంచి పారే తక్కువ ఎత్తు రోడ్డు, దాని గురించి కూడా. అడుగు లోతు పారే నీళ్లకు చిన్న కారు కదిలిపోతుంది, రెండడుగులైతే పెద్ద బండ్లూ ఆగవు. మా దగ్గర పోయినవాళ్లు ఎక్కువగా ఇంట్లో పోలేదు, ఇంటికి వస్తూ పోయారు. "వాగు పారితే చుట్టాలింట్లో ఆగిపో" అని ఇంట్లో అందరూ ముందే మాట్లాడుకుని ఉంటే, ఆ మాటే ఒక మనిషిని కాపాడుతుంది.

పాలమూరు టీచరమ్మ:
కోస్గి అన్నా, సంచి సర్దమంటే ఆఫీసులను అడగొద్దని కాదు. అలుగు కాలువ మీద నేనే రెండుసార్లు అర్జీ ఇచ్చాను, ఇంకా ఇస్తాను. పెద్దవాళ్ల గురించి మీరన్నది మాత్రం నేను ఆలోచించలేదు. మా కాలనీలోనే పిల్లలు హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు ఇక్కడ ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అటువంటి ఒక్కో ఇంటికి పక్కింటివాళ్లను ఒకరిని ముందే మాట్లాడి పెడితే? వాన మొదలైతే వాళ్లే వెళ్లి తలుపు తట్టాలి, మిద్దె ఉన్న ఇంటికి తీసుకురావాలి. వచ్చే ఆదివారం సంచి కంటే ముందు ఈ మాట పెడతాను.

కోస్గి రైతు:
అది చేయండి, దానికి నేను ఒప్పుకుంటా. మా అమ్మ కూడా ఒక్కతే ఉంటుంది, చెరువు కట్ట కిందే ఇల్లు. నిన్న ఇదంతా ఆమెకు చదివి వినిపించా. చాలా ఏళ్ల కింద ఒకసారి అలుగు నీళ్లు మా పాత ఇంటి తులసికోట దాకా వచ్చాయంట, నాకు ఎప్పుడూ చెప్పలేదు. పాసుబుక్కులు కవర్‌లో పెట్టించా. అలుగు కాలువ మీద గ్రామసభలో అడిగేది అడుగుతా, అందులో వెనక్కి తగ్గను. లైన్‌మన్ అన్నా, మా మోటార్ స్టార్టర్ డబ్బా తులసికోట పక్కనే ఉంది. ఎంత ఎత్తు మీదికి మార్చాలి?

రిటైర్డ్ లైన్‌మన్, నాగర్‌కర్నూల్:
అమ్మను అడిగి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద సుద్దతో గీత గీయి తమ్మీ. దానికి మూడడుగులు పైన పెట్టించు. ఎర్తింగ్ వైరు ఊడిందేమో కూడా చూపించు. వానలు మొదలవకముందే మార్పించు, తడి నేల మీద ఆ పని చేయించొద్దు.