సాయంత్రం మోటారు వేసేసరికి నానో రీసెట్ అవుతోంది, ఎల్‌సీడీ మీద పిచ్చి గీతలు

వంశధార_గట్టు | గుణుపురం, రాయగడ జిల్లా

అందరికీ నమస్కారం. ట్యాంకు నిండితే మోటారు ఆగడానికి, ఖాళీ అయితే మళ్ళీ వేయడానికి ఆర్డుయినో నానో (ప్రోగ్రాము ఎక్కించి వాడే చిన్న బోర్డు)తో చిన్న కంట్రోలరు కట్టాను. పగలంతా బుద్ధిగా పనిచేస్తుంది. సాయంత్రం 6 నుంచి 9 మధ్య మాత్రం రిలే (నానో నడిపే చిన్న స్విచ్) టక్కుమనగానే కాంటాక్టరు (మోటారుకి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) టకటకా కొట్టుకుంటుంది, ఎల్‌సీడీ మీద అర్థం లేని అక్షరాలు వస్తాయి, నానో మొదటి నుంచి మొదలవుతుంది. ఒక్కోసారి మోటారు ఆగేటప్పుడు ఎల్‌సీడీ ఒక్కటే పాడవుతుంది, మిగతా పని నడుస్తూనే ఉంటుంది.

వాడినవి: సీహెచ్340 యూఎస్‌బీ చిప్పు ఉన్న నానో క్లోను (నకలు బోర్డు), ఒక చానెల్ 5 వోల్టుల రిలే మాడ్యూలు, 16x2 ఐ2సీ (రెండు తీగల మీద డేటా పంపే) ఎల్‌సీడీ, ట్యాంకులో రెండు ఫ్లోట్ స్విచ్‌లు, వాటికి 22 మీటర్ల వైరు. రిలే నుంచి 230 వోల్టుల కాయిలున్న కాంటాక్టరు, దాని నుంచి 1 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోనోబ్లాకు. సప్లై: 0-9 వోల్టుల 500 మిల్లీఆంపుల ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు 1ఎన్4007 డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు, 7805 (5 వోల్టుల రెగ్యులేటరు). అక్కడి నుంచి నేరుగా నానో 5వీ పిన్నుకి.

సాయంత్రం ఇంట్లో వోల్టేజి 165 నుంచి 175. అప్పుడు మీటరు పెడితే 7805 ముందు 7.3, తరవాత 4.9 చూపించింది. అంటే సప్లై బాగున్నట్టే కదా? 7805 మార్చాను, నానో మార్చాను, 5 వోల్టుల దగ్గర 10 మైక్రోఫారడ్ కూడా పెట్టాను. తేడా లేదు.

ఇంకోటి. కొత్త నానోలోకి ప్రోగ్రాము ఎక్కడం లేదు, "నాట్ ఇన్ సింక్" అని పదిసార్లు చెప్పి ఆగిపోతోంది.

---

బల్లమీద_మీటరు | బరంపురం

ముందు అప్‌లోడ్ సంగతి. ఆర్డుయినో ఐడీఈ (ప్రోగ్రాము రాసి ఎక్కించే సాఫ్ట్‌వేరు) టూల్స్ మెనూలో ప్రాసెసర్ దగ్గర ఏటీమెగా328పీ ఓల్డ్ బూట్‌లోడర్ ఎంచుకో. బూట్‌లోడర్ అంటే చిప్పులో ఉండి ప్రోగ్రాముని అందుకునే చిన్న కోడు. క్లోన్లలో ఎక్కువ భాగం పాత బూట్‌లోడర్‌తోనే వస్తాయి. అది 57600 స్పీడులో మాట్లాడుతుంది, ఐడీఈ మామూలుగా 115200లో పిలుస్తుంది. అందుకే "సింక్ లేదు". అప్పటికీ ఎక్కకపోతే డీ0, డీ1 పిన్నులకి ఏ వైరూ లేకుండా చూడు, కేబులు మార్చు. ఫోను చార్జింగు కేబుళ్ళలో కొన్నింటికి డేటా తీగలే ఉండవు. అలాంటప్పుడు పోర్టే కనపడదు కాబట్టి తేలిగ్గా తెలిసిపోతుంది.

రీసెట్‌కి అయితే 1000 తీసేసి 4700 మైక్రోఫారడ్ పెట్టి చూడు తమ్ముడూ. వోల్టేజి తక్కువ కదా.

---

పాత_సోల్డరు | పర్లాకిమిడి

4700తో కొంత తగ్గుతుంది గానీ పోదు. ఇక్కడ ఉన్నది ఒక తప్పు కాదు, మూడు. మూడూ సాయంత్రమే బయటపడుతున్నాయి కాబట్టి ఒకటే అనిపిస్తోంది.

ముందు ఆ 7.3 సంగతి. మీటరు డీసీ మీద చూపించేది సగటు. నీ కెపాసిటరు మీద వోల్టేజి నిలకడగా ఉండదు, సెకనుకి 100 సార్లు పైకీ కిందికీ పోతుంది. 170 వోల్టులు ఉన్నప్పుడు లెక్క చూడు. 9ని 170తో గుణించి 230తో భాగిస్తే 6.65. దాని శిఖరం 9.4. రెండు డయోడ్ల మీద 1.6 పోతే మిగిలింది 7.8. ఇక లోడు: నానో 25, ఎల్‌సీడీ లైటుతో కలిపి 30, రిలే కాయిలు 70, మొత్తం 125 మిల్లీఆంపుల పైమాటే. 1000 మైక్రోఫారడ్ మీద ఆ కరెంటుకి రెండు శిఖరాల మధ్య సుమారు 1 వోల్టు దిగుతుంది. అంటే 7.8 నుంచి 6.8 మధ్య ఊగుతోంది, మీటరు మధ్యలో 7.3 అంది. మీటరు అబద్ధం చెప్పలేదు, నువ్వు అడగాల్సింది సగటు కాదు, అడుగు ఎక్కడుందీ అని.

7805కి ముందు 7 వోల్టులు ఉండాలి. 6.8 అంటే అప్పటికే అంచు మీద ఉన్నావు. మోటారు స్టార్టు అయ్యేటప్పుడు నడిచే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది, మీ లైను 150కి దిగిందనుకో. శిఖరం 8.3, డయోడ్లు పోను 6.7, అడుగు 5.7. 7805 నుంచి వచ్చేది 4 వోల్టుల చుట్టుపక్కల.

అక్కడ నానో మీది ఏటీమెగా చిప్పుతో ఒక తిరకాసు ఉంది. 16 మెగాహెర్ట్జ్ మీద నమ్మకంగా నడవడానికి దానికి సుమారు 3.8 వోల్టులు కావాలి. నానోలో బ్రౌన్-అవుట్ రీసెట్ (వోల్టేజి పడితే చిప్పు తనే రీసెట్ అవడం) మాత్రం 2.7 దగ్గర పెట్టి ఉంటుంది. ఈ రెండింటి మధ్య చిప్పు ఆగదు, అలాగని సరిగ్గానూ నడవదు, తోచింది చేస్తుంది. ఎల్‌సీడీ అయితే 4.5 కిందికి వెళ్ళగానే మతి తప్పుతుంది.

రెండో తప్పు కాంటాక్టరు. 230 వోల్టుల కాయిలు గట్టిగా పట్టుకుంటుందని కంపెనీ హామీ ఇచ్చేది 85 శాతం నుంచి, అంటే 195 వోల్టుల నుంచి. నువ్వు 170లో లాగమంటున్నావు. సగం పట్టుకుంటుంది, మోటారు లాగగానే వోల్టేజి ఇంకా పడి వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఆ టకటక అదే. ప్రతి కొట్టుకీ పాయింట్ల దగ్గర నిప్పురవ్వ. ఇలాగే వదిలేస్తే పాయింట్లు అతుక్కుపోతాయి, తరవాత ట్యాంకు నిండినా మోటారు ఆగదు. నానో రీసెట్ కన్నా ముందు ఇది చూసుకోవాలి.

మూడోది, మోటారు ఆగేటప్పుడు ఎల్‌సీడీ ఒక్కటే పోవడం. అది సప్లై కాదు. కాంటాక్టరు కాయిల్లో నిలవున్న శక్తి రిలే పాయింట్ల మీద స్పార్కుగా పోతుంది, ఆ రేడియో రొద ఐ2సీ తీగల్లోకి దూరుతుంది.

ఇవి వేరుచేసి చూడు. సెటప్ మొదట్లోనే ఈప్రమ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) ఒక అంకె ఒకటి పెంచేలా రాయి, అది రీసెట్ల లెక్క. 7805 ముందు నుంచి 100 కె, 10 కె రెసిస్టర్లతో భాగించి ఏ0కి ఇవ్వు, రిఫరెన్సు లోపలి 1.1 వోల్టులు పెట్టు. ఎందుకంటే 5 వోల్టులే కుంగుతుంటే దాన్ని కొలబద్దగా పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. అర సెకను పాటు ఆపకుండా చదివి, వచ్చిన వాటిలో అతి తక్కువది దాచు. అది 7805 ముందరి అడుగు. మొదట కాంటాక్టరు వైరు తీసి ఉత్త రిలే, తరవాత కాయిలు పెట్టి మోటారు లేకుండా, ఆఖర్న మోటారుతో. ఒక్కోటి సాయంత్రం పది పదిసార్లు. 230 వైర్లు ముట్టుకునే ముందు మెయిన్ దించి, టెస్టరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టు.

---

వంశధార_గట్టు

మాస్టారూ, చేశాను. ఓల్డ్ బూట్‌లోడర్ పెట్టగానే ప్రోగ్రాము ఎక్కింది, బరంపురం అన్నకి దండాలు.

వోల్టేజి 172. ఉత్త రిలే: రీసెట్లు 0, అడుగు 6.9. కాయిలుతో, మోటారు లేకుండా: రీసెట్లు 0, కాంటాక్టరు గుయ్యిమంటోంది, వదిలేటప్పుడు రెండుసార్లు ఎల్‌సీడీ పాడైంది. మోటారుతో: పదింటికి 7 రీసెట్లు, అడుగు 5.4 వరకూ పోయింది.

---

పాత_సోల్డరు | పర్లాకిమిడి

లెక్కకి సరిపోయింది. ఇప్పుడు ఒక్కోటి.

సప్లై: ఆ ట్రాన్స్‌ఫార్మరు పక్కన పెట్టేయ్. 100 నుంచి 240 వోల్టుల వరకూ తీసుకుంటుందని రాసున్న 12 వోల్టుల 1 ఆంపు అడాప్టరు, దాని తరవాత ఎల్‌ఎం2596 బక్ (వోల్టేజి దించే) మాడ్యూలు. ముందుగా బక్ అవుట్‌పుట్‌కి ఏమీ తగిలించకుండా మీటరు పెట్టి, స్క్రూ తిప్పి 5.0కి తెచ్చాకే నానో 5వీ పిన్నుకి ఇవ్వు. ఆ స్క్రూ మొదట్లో చాలా చుట్లు తిరిగినా అంకె కదలదు, పాడైందనుకోకు. 12ని నానో విన్ పిన్నుకి ఇచ్చి సరిపెట్టుకుందామనుకోకు. బోర్డు మీది చిన్న రెగ్యులేటరు రిలేతో కలిపి 125 మిల్లీఆంపులకే 0.9 వాట్ల వేడి మోయాలి, మూసిన డబ్బాలో వేసవికి తట్టుకోదు. నానో దగ్గర 470 మైక్రోఫారడ్, పక్కనే 104 అని రాసుండే 0.1 మైక్రోఫారడ్ పెట్టు.

స్పార్కు: 100 ఓమ్ అర వాటు రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ 275 వోల్టుల ఎక్స్2 (మెయిన్ కరెంటు మీద వాడే సేఫ్టీ రకం) కెపాసిటరు సిరీస్‌లో కలిపి కాంటాక్టరు కాయిలు రెండు చివరల మధ్య వేయి. దానికి పక్కనే, కాయిలు చివరల మధ్యే, 14డీ431 ఎంఓవీ (వోల్టేజి పోటుని మింగేది). మామూలు 400 వోల్టుల పాలిస్టరు కెపాసిటరు వేయొద్దు, అది పోయేటప్పుడు షార్టయి పోతుంది. రిలే పాయింట్ల మీద కాకుండా కాయిలు మీద ఎందుకంటే, పాయింట్ల మీద వేస్తే రిలే తెరిచున్నా ఆ కెపాసిటరు గుండా 7 మిల్లీఆంపులు కారుతూ ఉంటాయి, చిన్న కాంటాక్టరు దానికే గుయ్యిమంటూ వదలకుండా పట్టుకోవచ్చు. 415 వోల్టుల కాయిలున్న త్రీఫేజు స్టార్టర్లకి ఇవే విలువలు వాడకూడదు, ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నా.

ప్రోగ్రాములో ఒక చిన్న దిద్దుబాటు. నీ రిలే మాడ్యూలు 'లో' (0 వోల్టుల) సిగ్నలుకి పనిచేసే రకం అయ్యుంటుంది. సెటప్‌లో ముందు పిన్‌మోడ్ అవుట్‌పుట్ అని రాసి తరవాత డిజిటల్‌రైట్ హై రాస్తే, ఆ రెంటి మధ్య రిలే ఒక్క క్షణం పడుతుంది. వరస తిరగెయ్: ముందు హై, తరవాత అవుట్‌పుట్.

వాచ్‌డాగ్ (ప్రోగ్రాము ఇరుక్కుంటే బోర్డుని రీసెట్ చేసే టైమరు) పెడదామన్న ఆలోచన వస్తే ఆగు. ఓల్డ్ బూట్‌లోడర్ ఉన్న నానోలో వాచ్‌డాగ్ ఒకసారి కొడితే బూట్‌లోడర్ దాన్ని ఆపదు, బోర్డు రీసెట్ల వలయంలో పడి ఎల్‌ఈడీ కొట్టుకుంటూ ఉండిపోతుంది. ముందు ఇంకో ఆర్డుయినో బోర్డు ఊనోని ప్రోగ్రామరుగా పెట్టి ఆప్టిబూట్ అనే బూట్‌లోడర్ ఎక్కించాలి: ఊనో డీ10 నుంచి నానో రీసెట్‌కి, 11, 12, 13 వాటి వాటికే, 5 వోల్టులు, గ్రౌండు. ఊనోలో ఆర్డుయినో యాజ్ ఐఎస్‌పీ ఎక్కించాక దాని రీసెట్‌కీ గ్రౌండుకీ మధ్య 10 మైక్రోఫారడ్. బోర్డు ఊనో అని ఎంచుకుని బర్న్ బూట్‌లోడర్ నొక్కు. ఆ తరవాత ఆ నానోని ఊనో అనే పిలవాలి, డబ్బా మీద రాసి పెట్టుకో.

---

కొండదిగువ | జయపురం, కొరాపుట్ జిల్లా

22 మీటర్ల ఫ్లోట్ వైరు సంగతి ఎవరూ అడగలేదు. లోపలి పుల్-అప్ (పిన్నుని 5 వోల్టులకి లాగి ఉంచే రెసిస్టరు) మీద వదిలేశావా? అది 20 నుంచి 50 కె ఓమ్, అంత పొడుగు వైరుకి చాలదు. మోటారు వైరుతో కలిపి ఒకే పైపులో వేసుంటే అసలు చాలదు. 5 వోల్టులకి 1 కె పుల్-అప్, పిన్నుకి ముందు 1 కె సిరీస్‌లో, పిన్ను దగ్గర 0.1 మైక్రోఫారడ్ గ్రౌండుకి. ప్రోగ్రాములో ఫ్లోటు మారినట్టు కనపడితే 3 సెకన్లు అలాగే ఉన్నాకే నమ్ము, నీళ్ళు పడేటప్పుడు ఫ్లోటు అలలకి ఊగుతుంది. మా వైపు వానాకాలం పిడుగులు ఎక్కువ. మేడ మీది నుంచి దిగే వైరుని నేరుగా నానోకి ఇవ్వకుండా పీసీ817 ఆప్టో (వెలుతురుతో సిగ్నలు దాటించి వైర్లని విడదీసే చిప్పు) మధ్యలో పెట్టుకుంటే ఇంకా నయం.

---

వంశధార_గట్టు

అడాప్టరు, బక్ ఇక్కడే దొరికాయి. ఎక్స్2 కెపాసిటరు విశాఖ వెళ్ళే పాసింజరులో వెళ్ళినవాళ్ళ చేత తెప్పించాను. ఐదు సాయంత్రాలు చూశాను, రీసెట్లు 0, ఎల్‌సీడీ ఒక్కసారీ పోలేదు. ఫ్లోట్ వైరు మోటారు పైపులోనే ఉంది, జయపురం అన్న చెప్పినట్టు బయటకి లాగి 1 కెలు వేశాను.

కాంటాక్టరు మాత్రం 170 కింద ఇంకా కొట్టుకుంటోంది. 195 లోపు ఉంటే వేయకూడదని రాద్దామని లైను వోల్టేజి కొలిచే జెడ్‌ఎంపీటీ101బీ మాడ్యూలు పెట్టాను. మీటరు 201 అంటే ఇది ఒకసారి 188, ఒకసారి 214 అంటోంది. ఏటి తప్పు?

---

బల్లమీద_మీటరు | బరంపురం

ఎన్ని శాంపిళ్ళు తీస్తున్నావో అక్కడుంది. 50 అని రాసుంటావు. ఒక అనలాగ్‌రీడ్‌కి 0.1 మిల్లీసెకను కొంచెం పైన పడుతుంది, 50 అంటే 5 మిల్లీసెకన్లు, కరెంటు ఒక చుట్టు తిరగడానికి 20 పడుతుంది. పావు చుట్టు కొలిచి మొత్తం చెప్పమంటే అది ఏదో ఒకటి చెబుతుంది. లెక్క పెట్టి కాదు, మైక్రోస్‌తో టైము చూసి సరిగ్గా 200 మిల్లీసెకన్లు చదువు, 10 పూర్తి చుట్లు. సగటు తీసి ఒక్కోదాంట్లోంచి తీసేయ్, వర్గాలు కలుపు, సగటు, వర్గమూలం. మాడ్యూలు మీది పాటు (తిప్పి సరిచేసే చిన్న రెసిస్టరు) ఎక్కువ తిప్పి ఉంటే వేవు తల తెగుతుంది. రాత్రి 250 వచ్చినప్పుడు కూడా రీడింగులు 50 కిందికి, 970 పైకి పోకుండా పాటు పెట్టుకుని, అప్పుడు మీటరుతో సరిచూసి గుణకం రాసుకో.

---

పాత_సోల్డరు | పర్లాకిమిడి

ఒకటే హద్దు పెట్టకు. 195కి వేసి 195కే ఆపితే, మోటారు వేయగానే వోల్టేజి 10 పడి వెంటనే ఆగిపోతుంది, ఆగగానే లేస్తుంది, మళ్ళీ వేస్తుంది. వేయడానికి 200, ఆపడానికి 180. వేసిన మొదటి 3 సెకన్లు చూడొద్దు. ఆగాక 5 నిమిషాల వరకూ మళ్ళీ ప్రయత్నించొద్దు. మీ దగ్గర సాయంత్రం 175 దాటదంటే మోటారు రాత్రి 10 తరవాతే పడుతుంది, దానికి తగ్గట్టు కింది ఫ్లోటు ఒక జానెడు పైకి కట్టుకో.