కామతప్తులా, కామతృప్తులా? (1 కొరింథీయులకు 7:9)

రాజోలు సభ్యుడు: అందరికీ నమస్కారం. మా లంక గ్రామాల పెండ్లి ప్రసంగాలలో చిన్ననాటి నుండి వింటున్న వాక్యం ఒకటి కొంతకాలంగా నన్ను వదలడం లేదు. "కామతృప్తులగుటకంటె పెండ్లి చేసికొనుట మేలు" అని మా సంఘపు పెద్దలు చదివేవారు. అది బైబిలులో పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలోనిది. అచ్చులో "కామతప్తులగుటకంటె" అని ఉన్నది. ఒక్క వట్రుసుడి చేరితే అర్థం తలక్రిందులవుతోంది. తృప్తులు కోరిక తీర్చుకొని తిరిగేవారు, తప్తులు అది తీరక కాలిపోయేవారు. మొదటిది మందలింపు, రెండవది జాలి. పాత ముద్రణలలో ఎక్కడైనా తృప్త పాఠం ఉన్నదా?

నరసాపురం సభ్యుడు: తప్త పాఠమే సరి, అందులో సందేహం లేదు. అయితే నా అభ్యంతరం వట్రుసుడి మీద కాదు, దాని ముందున్న "కామ" మీద. గ్రీకు మూలంలో ఉన్నది "పురూస్థై" అనే ఒక్క మాటే, నిప్పుకు గురికావడం అని దాని అర్థం. కామం అన్న పదం అక్కడ లేదు. ఇదే క్రియను పౌలు రెండవ కొరింథీ పత్రికలో, పదకొండవ అధ్యాయం 29వ వచనంలో తన గురించి వాడుకున్నప్పుడు మనవారు "ఎవడైనను తొట్రుపడెనా? నాకును మంట కలుగదా?" అని ఎంతో చక్కగా తెలిగించారు. అపొస్తలుడికి కలిగితే మంట, సామాన్య విశ్వాసికి కలిగితే కామతాపం అయింది. ఆ రెండక్షరాలు అనువాదకుల చేర్పు అని, వాటి వల్లనే ఈ వాక్యానికి నిందాస్వరం వచ్చిందని నా అభిప్రాయం.

రాజమహేంద్రవరం సభ్యుడు: నరసాపురం వారి గ్రీకు పరిజ్ఞానాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. దానికి ముందే "మనస్సు నిలుపలేనియెడల పెండ్లి చేసికొనవచ్చును" అని ఉన్నది గనుక ఆ మంట దేనిదో పౌలే చెప్పాడు. "కామ" లేకుండా "కాలుటకంటె" అని మాత్రమే రాసి ఉంటే మన పల్లెల్లో అది నరకాగ్ని అనిపించుకునేది. అటువంటి వ్యాఖ్యానం చేసినవారు లేకపోలేదు. నిజంగా తగవు పెట్టుకోవలసిన మాట "చేసికొనవచ్చును" అన్నది. గ్రీకులో అది విధ్యర్థకం, అంటే "చేసికొందురు గాక" అన్నమాట. మన తెలుగులో అది అనుమతిగా పలచబడింది. లూథరన్ల మూల విశ్వాసపత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాసప్రకటన ఇరవై మూడవ అధికరణంలో గురువుల (పాదిరీల) వివాహాన్ని సమర్థిస్తూ ఎత్తి చూపిన వాక్యం ఇదే. ఒంటరి జీవితానికి అందరూ తగినవారు కారనీ, దేవుడు నియమించినదాన్ని మ్రొక్కుబడి రద్దు చేయలేదనీ వారి వాదం. సంస్కర్త మార్టిన్ లూథర్ అంతకు ఐదేళ్ల ముందే, 1525లో, మఠం విడిచి వచ్చిన కాతరీనాను పెండ్లాడాడు.

భీమవరం సభ్యురాలు: తప్త అన్నచోట పెద్దన గారిని తలచుకోకుండా ఉండలేను. తపస్సూ తాపమూ ఒకే ధాతువు నుండి పుట్టినవి. నిగ్రహించుకునేవాడూ కాలుతాడు, నిగ్రహించుకోలేనివాడూ కాలుతాడు. మనుచరిత్రలో వరూధిని విరహతాపంతో వేగిపోతుంది. ఆమెను కాదన్న ప్రవరుడు అగ్నిదేవుణ్ణి ప్రార్థించి, ఆ అగ్ని అనుగ్రహంతోనే ఇల్లు చేరుతాడు. ఒకే నిప్పు ఒకరిని దహించింది, ఒకరిని ఇంటికి చేర్చింది. ఇంకొక సంగతి గమనించండి. ప్రవరుడు సన్న్యాసి కాడు, ఇంటి దగ్గర ఇల్లాలు ఉన్న గృహస్థు. అతడి నిగ్రహానికి వెనుక ఒక ఇల్లున్నది. అటువంటి ఇల్లు ఎన్నటికీ ఉండరాదని ముందే చెప్పబడిన మనిషి నిగ్రహాన్ని ప్రవరుడి నిగ్రహంతో తూచడం న్యాయం కాదని నాకు తోస్తుంది.

అమలాపురం సభ్యుడు: ఎనిమిదవ వచనం చదవకుండా తొమ్మిదవది చదువుతున్నారు. ఈ మాట "అవివాహితులతోను విధవరాండ్రతోను" చెప్పినది. విధవరాలు మనస్సు నిలుపలేకపోతే పెండ్లి చేసుకోమని పౌలు అన్నాడు. మన గోదావరి గడ్డమీద వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. అప్పటివరకూ పసితనంలోనే భర్త పోయిన పిల్లకు తలగొరిగించి, తెల్లబట్ట కట్టి, దానికి నిగ్రహమని పేరుపెట్టారు. ఎవరూ ఆమెను అడగలేదు. తనంతట తాను ఎత్తుకున్న సిలువ వేరు, ఇతరులు భుజాన పెట్టినది వేరు.

కాకినాడ సభ్యుడు: నేను ఈ సమూహంలో రాయడం అరుదు. పురుషులవైపే మనసుపోయే స్వభావం నాది. బాప్తిస్మం పొందిన సంఘ సభ్యుణ్ణి, పెండ్లి చేసుకోలేదు. ఒక పెద్దమనిషి నాతో ఏకాంతంలో మాట్లాడుతూ "తన్ను తాను ఉపేక్షించుకొని" అన్న ప్రభువు మాట చూపించి, నాకు వేరే దారి లేదన్నారు. ఆ మాటకు నేను తలవంచాను, ఇప్పటికీ వంచుతూనే ఉన్నాను. కానీ ఏడవ వచనంలో "ప్రతి మనుష్యుడు తనకున్న కృపావరమును దేవునివలన పొందియున్నాడు" అని ఉన్నది. ఒంటరితనం వరమైతే అది నాకు ఇవ్వబడిందో లేదో ఎవరు నిర్ణయిస్తారు? వరం లేనివానికి పౌలు చూపిన దారి పెండ్లి. ఆ దారి నాకు మూసి ఉన్నప్పుడు నేను ఈ వాక్యానికి ఎటువైపు నిలబడి ఉన్నానో పెద్దలు చెప్పాలని కోరుతున్నాను.

పాలకొల్లు సభ్యురాలు: బాబూ, నీవు రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నా నమ్మకం దాచుకోను. అదే అధ్యాయం రెండవ వచనంలో "ప్రతివానికి సొంతభార్య యుండవలెను, ప్రతి స్త్రీకి సొంతభర్త యుండవలెను" అని ఉన్నది గనుక, పౌలు పెండ్లి అన్నప్పుడు స్త్రీ పురుషుల పెండ్లినే ఉద్దేశించాడు. మత్తయి పందొమ్మిదవ అధ్యాయంలో ప్రభువు ఆదికాండం ఎత్తి చెప్పినదీ అదే. అదే అధ్యాయంలో పరలోకరాజ్యము నిమిత్తమై పెండ్లి మాని ఉండేవారి గురించి చెప్పి, "అంగీకరింపగలవాడు అంగీకరించును గాక" అన్నాడు. అయితే నిన్ను ఒంటరిగా ఉండమన్న సంఘం ఆదివారం మధ్యాహ్నం నిన్ను భోజనానికి పిలవకపోతే, జ్వరం వచ్చినప్పుడు నీ గుమ్మం తొక్కకపోతే, అది నీకు వాక్యం చెప్పే హక్కు పోగొట్టుకున్నట్టే. పెండ్లికాని ఆడపిల్లలనూ విధవరాండ్రనూ మేము ఎలా చూసుకున్నామో నాకు తెలుసు. కొందరిని మాత్రమే బాగా చూసుకున్నాము.

ఏలూరు సభ్యుడు: కతోలిక సత్యోపదేశం కూడా పాలకొల్లు వారు చెప్పినట్లే ఇటువంటివారిని శుద్ధ జీవితానికి పిలుస్తుంది, వారిని గౌరవంతో, కరుణతో స్వీకరించాలనీ చెబుతుంది. 2023 డిసెంబరులో వాటికన్ వెలువరించిన ప్రకటన, ఒకే లింగానికి చెందిన జంటలకు గురువు ఆశీర్వాదం పలకవచ్చునని అనుమతిస్తూనే, అది వివాహపు తంతుగా కనిపించరాదని కట్టడి చేసింది.

రాజమహేంద్రవరం సభ్యుడు: మా ఊరికి మిషనరీలను పంపిన అమెరికా లూథరన్ సంఘాల వారసత్వం పొందిన సంఘం 2009లో, జీవితాంతపు నిబద్ధతతో స్వలింగ సహచరులతో కలిసి ఉన్నవారిని గురువుల సేవకు అంగీకరించింది. ఇక్కడి సంఘం స్వతంత్రమైనది గనుక ఆ తీర్మానం మనపై చెల్లదు. దేశంలోనూ అటువంటి పెండ్లికి చట్టపు గుర్తింపు ఇవ్వడానికి సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న నిరాకరించింది. అయినా కాకినాడ సోదరుని ప్రశ్నకు తీర్పులూ తీర్మానాలూ సమాధానం కావు. ఒంటరి జీవితాన్ని గురువులపై రుద్దరాదని ఏ వాక్యంతో వాదించామో, అదే వాక్యం ఈ సోదరుని నోట వచ్చినప్పుడు లూథరన్‌గా నేను సులువుగా తప్పించుకోలేను. రెండవ వచనాన్ని పక్కన పెట్టనూ లేను.

నరసాపురం సభ్యుడు: అందుకే "కామ" తీసివేయమంటున్నాను. "కాలుటకంటె" అని చదివితే ఈ సోదరుని మంట కూడా పౌలు తనకు కలిగిందన్న మంటతో ఒకే మాటలో ఇముడుతుంది.

భీమవరం సభ్యురాలు: అలాగైతే తప్త చాలు, కామ అక్కరలేదు, "తప్తులగుటకంటె" అందాం. తపస్సు ధ్వని మాత్రం పోనివ్వకండి.

రాజోలు సభ్యుడు: నేను అడిగినది పాఠం గురించి, మీరందరూ ఇచ్చినది అంతకంటే పెద్దది. అయినా తృప్త పాఠాన్ని ఇంకా వదులుకోలేను. మా పెద్దలు నలభై మందికి ఒకేసారి వినిపించే గొంతుతో చదివేవారు, వారి నోట తృకారం స్పష్టంగా పలికేది. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు వచ్చినది 1836 తరువాతనే గనుక, ఆ తొలి తరాల కుటుంబాలలో పాత క్రొత్త నిబంధన ప్రతులు ఎవరి పెట్టెలలోనైనా ఉండి ఉండవచ్చు. ఉన్నవారు ఏడవ అధ్యాయం తీసి, తొమ్మిదవ వచనాన్ని అరసున్నలతో సహా ఉన్నదున్నట్టు ఇక్కడ రాయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.