పాత బ్రిటిష్ పెన్నీలలో అరుదైనవాటిని గుర్తించడం ఎలా?

ప్రశ్న: కంచు పెట్టె

నమస్కారం. ఇంగ్లండులో జరిగిన ఒక చిన్న వేలంలో పాత బ్రిటిష్ కంచు పెన్నీలున్న డబ్బా ఒకటి కొన్నాను. సుమారు మూడు వందల నాణేలు ఉన్నాయి; ఎక్కువగా విక్టోరియా రాణి, అయిదవ జార్జి కాలాలవి. వాటిలో ఒకదానిపై 1933 అని కనిపించినప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. అది నిజమైనదేనా అన్నది ఎలా తేల్చుకోవాలి? మిగిలిన వాటిలో దేనికోసం వెతకాలి? చాలా నాణేలు నల్లబడి ఉన్నాయి కనుక ముందు శుభ్రం చేయాలా అన్నది కూడా దయచేసి చెప్పండి.

సమాధానం 1: బొమ్మ బొరుసు

ముందుగా మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో ఆలస్యమైతే నష్టం తిరిగి పూడదు: దయచేసి తోమకండి. కంచుపై దశాబ్దాలుగా ఏర్పడిన ఆ ముదురు పొరను సేకర్తలు నాణెంలో భాగంగానే చూస్తారు. మెరుగు పెట్టిన పెన్నీపై పడే సన్నని గీతలు భూతద్దంలో వెంటనే తెలిసిపోతాయి, విలువ అక్కడే పడిపోతుంది.

ఇక 1933 సంగతి. ఆ ఏడాది చెలామణీలో పెన్నీలు సరిపడా ఉండడంతో లండన్ రాయల్ మింట్ టంకశాల వాటిని మామూలుగా ముద్రించలేదు. కొత్త భవనాల శంకుస్థాపన రాళ్ల కింద ఆ సంవత్సరపు నాణేలు ఉంచే ఆచారం కోసమూ, మ్యూజియంల కోసమూ కొన్నింటిని మాత్రమే చేశారు. నేడు తెలిసినవి ఏడు వరకే. లండన్ విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్ పునాది రాయి కింద ఒకటి ఉంది. లీడ్స్‌లోని ఒక చర్చి పునాదిలో ఉంచినది 1970లో దొంగల పాలైంది. కనుక డబ్బాలో దొరికినది అసలుదయ్యే అవకాశం దాదాపు లేదని ముందే మనసుకు చెప్పుకోవడం మంచిది. మరో సంవత్సరపు పెన్నీలో చివరి అంకెను చెక్కి మార్చినవి చాలా కనిపిస్తుంటాయి. కనీసం పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చివరి 3ని దాని పక్కనున్న 3తో పోల్చండి.

సమాధానం 2: చిన్న అక్షరాలు

పై వారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే మీ డబ్బాలో నిజంగా దొరకగలిగేవి వేరే ఉన్నాయి. 1912, 1918, 1919 పెన్నీలలో బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా చెక్కే స్త్రీమూర్తి) బొమ్మ కింద, సంవత్సరానికి ఎడమ పక్కన ఉన్న ఖాళీని పరిశీలించండి. రాయల్ మింటు ఒక్కటే గిరాకీని తట్టుకోలేక ఆ పనిలో కొంత బర్మింగ్‌హామ్‌కు అప్పగించింది. హీటన్ సంస్థ ముద్రించిన వాటిపై ‘హెచ్’ అక్షరమూ, 1918, 1919లలో కింగ్స్ నార్టన్ సంస్థ ముద్రించిన వాటిపై ‘కె ఎన్’ అక్షరాలూ ఉంటాయి. వీటిలో రెండవ రకం ఎక్కువ అరుదు. అరిగిపోని నాణెమైతే దాని స్థాయే వేరు, కాని అరిగినదైనా పక్కన పెట్టదగినదే. నాకు 1933 కన్నా ఈ అక్షరాలే ఇష్టం, ఎందుకంటే ఇవి ఓపికగా వెతికినవారి చేతికి అందుతాయి.

1951 పెన్నీని కూడా మరవకండి: ముద్రించినవి 1,20,000 మాత్రమే, వాటిలో అధికభాగం బెర్ముడాకు వెళ్లాయి.

సమాధానం 3: పావు ఫార్దింగ్

పెన్నీలు కాని వింత నాణేలు డబ్బా అడుగున చేరి ఉంటే వాటినీ చూడండి. ఫార్దింగ్ అంటేనే పెన్నీలో నాలుగో వంతు. అందులో మళ్లీ మూడో వంతును మాల్టా కోసం, నాలుగో వంతును సిలోన్ కోసం ముద్రించారు. గోరంత నాణేలు కావడంతో ఇతర నాణేల మధ్య కనిపించకుండా పోతాయి.

ప్రశ్న వేసినవారు: కంచు పెట్టె

అందరికీ కృతజ్ఞతలు. రెండు రాత్రులు కూర్చుని ప్రతి నాణేన్నీ భూతద్దం కింద చూశాను. 1933లోని చివరి 3 చుట్టూ లోహం తక్కిన చోట్లకన్నా కొంచెం పల్లంగా ఉంది, పక్కనున్న 3తో దాని వంపు కలవడం లేదు, అది మార్చినదే. చిన్న నాణేలేవీ లేవు. కాని 1919 పెన్నీలు నాలుగింటిలో ఒకదానిపై, సంవత్సరానికి ఎడమగా, బాగా అరిగినా చదవగలిగేటట్టు ‘కె ఎన్’ ఉంది. తోమకుండా, విడిగా ఒక కాగితపు కవరులో ఉంచాను.