అప్‌డేట్: అమ్మకి జపాన్ కెటిల్ తెచ్చాను

జపాన్ వెళ్తున్నా, అమ్మకి ఇనప టీ కెటిల్ తేవాలి, టోక్యోలోనే కొనాలా, అవి తయారయ్యే మొరియోకా దాకా వెళ్లాలా అని పోయిన నెల అడిగాను కదా. మొరియోకాకే వెళ్లాను. టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో రెండు గంటల పైచిలుకు, అంతే.

మీలో ఒకరు "మూత తీసి లోపల చూసి కొను" అన్నారు. ఆ మాటే నన్ను కాపాడింది. నంబు (ఆ ప్రాంతపు పాత పేరు) ఇనప సామాన్లలో పైకి ఒకేలా కనిపించేవి రెండు రకాలున్నాయి. లోపల నున్నగా ఎనామిల్ పూత ఉంటే అది క్యూసు; టీ ఆకు నానబెట్టుకోవడానికే, పొయ్యి మీద పెట్టకూడదు. నీళ్లు కాచుకునేది పూత లేని తెత్సుబిన్. రంగు బాగుందని నేను క్యూసే పట్టుకుని బిల్లు దాకా వెళ్లాను!

తెత్సుబిన్ ధర మాత్రం క్యూసుకి చాలా రెట్లు. పాస్‌పోర్టు చూపిస్తే పన్ను తీసేశారు, అదో ఊరట. సబ్బు తగలనివ్వకూడదు, లోపల తోమకూడదు, నీళ్లు వంపేసి ఆ వేడికే ఆరనివ్వాలి. మన ఇనప పెనం కన్నా గారాబం ఎక్కువ.

తినడానికి నంబు సెంబే కొన్నాను. గోధుమపిండితో చేసే పల్చటి బిళ్లలు. నువ్వులవి ఇంటికొచ్చిన రోజే అయిపోయాయి, వేరుశెనగవి ఇంకా ఉన్నాయి.

కెటిల్ చూసి అమ్మ మురిసిపోయింది. పాలు పోయకూడదని చెప్పాక మాత్రం, "మరి టీ ఎందులో పెట్టుకోవాలిరా?" అంది.